చేవ్రాలు ఎవరిది, పూచీ ఎవరిది?

1

రచయితకు సమాజం ఎడల బాధ్యత ఉన్నదా, లేదా అనే చర్చ మనం చాలాకాలంగా చేస్తున్నాం. ఉన్నదనే తీర్మానించుకున్నాం, ఆ తీర్మానం సరైనదే. కాని బాధ్యత అనే మాటకు అర్థమేమిటి, అది ఎవరి మీద, ఏ షరతులతో నిలుస్తుంది అనే ప్రశ్నలను తేల్చుకోవటానికి రచయిత అంత మంచి ఉదాహరణ కాడని నాకు ఈమధ్య అనిపిస్తున్నది. రచయిత తప్పు వ్రాస్తే దాని ఫలితం కనబడటానికి ఒక తరం పట్టవచ్చు. అసలు కనబడకనే పోవచ్చు. సరిగా బిగించని ఒక నట్టు ఫలితం ఆ సాయంత్రానికే కనబడుతుంది. అందుచేత ఈ వ్యాసంలో రచయితను ప్రక్కన బెట్టి, కర్మాగారాలలోను, సినిమా హాళ్ళలోను, ఆసుపత్రులలోను, పెద్ద పెద్ద దుకాణాలలోను ప్రభుత్వం ఇచ్చిన యోగ్యతాపత్రంతో విద్యుత్తుకు పూచీ పడే పెద్ద ఎలక్ట్రీషియన్‌ను తీసుకొని ఈ ప్రశ్నను చర్చించదలచాను.

ఇందుకు నాకు ప్రేరణ అయిన సంఘటన చిన్నది. కొంతకాలం క్రిందట కోస్తాలోని ఒక పట్టణంలో రెండు రోజుల సాహిత్య సభ జరిపాం. ఏర్పాట్లు చూసే పని నా మీద పడింది. అద్దెకు తీసుకున్న కల్యాణమంటపం, మే నెల. రెండవనాటి సాయంత్రం శ్రామికవర్గ సాహిత్యాన్ని గురించి గోష్ఠి. అనుకున్నదానికంటె ఎక్కువమంది వచ్చారు. ఏసీ యంత్రాలన్నీ తిరుగుతున్నాయి. వేదిక మీద అదనపు దీపాలు, వంటశాలలో గ్రైండర్లు, ఇవన్నీ ఒక్కసారే నడుస్తున్నాయి. మెయిన్ బ్రేకరు రెండుసార్లు ట్రిప్పయింది. “సెట్టింగు కాస్త పెంచి నిలబెట్టు” అన్నాడు మంటపం మేనేజరు. అక్కడి ఎలక్ట్రీషియన్ యాభై దాటిన మనిషి, సూపర్‌వైజరు సర్టిఫికెట్టు ఉన్నవాడు. ఆయన క్లాంపు మీటరు పెట్టి చూశాడు. 100 ఆంపియర్లు మోయవలసిన మెయినులో ఒక ఫేజు 120 మోస్తున్నది. తక్కిన రెండూ అందులో సగమైనా మోయటం లేదు. కేబులు లగ్గు రంగు మారి ఉన్నది. “సగం ఏసీలు ఆపాలి మాస్టారూ. లేదా గంటసేపు కరెంటు మొత్తం తీసేసి, ఆ లగ్గు మార్చి, లోడు మూడు ఫేజులకూ సర్దాలి” అన్నాడు. నేను గడియారం చూసుకొని, “ఈ ఒక్క రాత్రికి ఎట్లాగో లాగించెయ్ బాబాయ్, రేపు నువ్వన్నట్టే చేద్దాం” అన్నాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. “అలాగే మాస్టారూ. ఆ ముక్కే కాగితం మీద వ్రాసి సంతకం పెట్టివ్వండి, లాగించేస్తాను” అన్నాడు.

కలం నా జేబులోనే ఉన్నది. నేను వ్రాయలేదు. సగం ఏసీలు ఆగాయి, జనం కరపత్రాలతో విసురుకున్నారు, గోష్ఠి సాగింది. లోపల వక్తలు శ్రమ గౌరవాన్ని గురించి చక్కగా మాట్లాడుతున్నారు. బయట ప్యానెల్ దగ్గర నేను మాత్రం, ఒక శ్రామికుని జ్ఞానాన్ని నా సౌకర్యం కోసం ప్రక్కకు నెట్టబోయి, కాగితం అడిగేసరికి వెనక్కు తగ్గినవాణ్ణి. నోటితో సులభంగా అనగలిగిన మాటను నేను చేతితో ఎందుకు వ్రాయలేకపోయాను? నోటికీ చేతికీ మధ్య ఉన్న ఆ దూరమే ఈ వ్యాసానికి విషయం.

2

ముందుగా ఈ మనిషి చేసే పని ఏమిటో, చట్టం అతనికిచ్చిన స్థానమేమిటో చూడాలి. వినియోగదారుని ఆవరణలో విద్యుత్ పని ఎవరు చేయాలో 1956 నాటి భారత విద్యుత్ నియమాలలో 45వ నియమం నిర్ణయించింది. దీపం, ఫ్యాను, ఫ్యూజు మార్చటం వంటి చిన్న పనులను మినహాయించి, తక్కిన పని లైసెన్సు గల కాంట్రాక్టరు ద్వారానే జరగాలి. యోగ్యతాపత్రం గల వ్యక్తి దానిని స్వయంగా పర్యవేక్షించాలి. పర్మిట్ గల వ్యక్తి దానిని చేయాలి. 2003 విద్యుత్ చట్టం వచ్చిన తరువాత కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో చేసిన భద్రతా నిబంధనలు, వాటి స్థానంలో 2023లో వచ్చినవి, స్థూలంగా ఈ ఏర్పాటునే కొనసాగించాయి.

ఈ మూడు కాగితాలనూ జాగ్రత్తగా గమనించండి. కాంట్రాక్టరు లైసెన్సు పెట్టుబడికి సంబంధించినది. సూపర్‌వైజరు యోగ్యతాపత్రం జ్ఞానానికి సంబంధించినది. వైర్‌మన్ పర్మిట్ చేతిపనికి సంబంధించినది. అనగా మన సమాజపు శ్రమ విభజన అంతా ఈ ఒక్క నియమంలో అద్దంలో వలె కనిపిస్తున్నది. కాగా, ఏ కాగితమూ లేని నాలుగవవాడొకడు ఉన్నాడు. వాణ్ణి “హెల్పరు” అంటారు. నిచ్చెన పట్టుకునేవాడు, కేబులు లాగేవాడు, చాలాచోట్ల ప్యానెల్‌లో ముందుగా చెయ్యి పెట్టేవాడు వాడే. నియమంలో వాడి ప్రస్తావన లేదు. ప్రమాద వార్తలలో ఉంటుంది.

పెద్ద ఎలక్ట్రీషియన్ చేసేది తీగలు కలపటమేనని మనలో చాలామంది అనుకుంటాం. తీగలు కలపటం ఆరు నెలల్లో నేర్చుకోవచ్చు. కలపకూడనిది ఏదో, ఎప్పుడు విడదీయాలో తెలుసుకోవటానికి ఇరవై ఏళ్ళు పడుతుంది. ఒక చిన్న లెక్క చెబుతాను. 100 ఆంపియర్లు ప్రవహించే చోట ఒక అతుకు వదులై, అక్కడ ఓములో నూరవ వంతు నిరోధం ఏర్పడిందనుకుందాం. ఆ ఒక్క బిందువు దగ్గర పుట్టే వేడి 100 వాట్లు. పాత రోజుల నూరు వాట్ల బల్బు వేడినంతా ఒక నట్టులో కూరినట్లన్నమాట. బ్రేకరు దీనిని పట్టుకోలేదు. ఎందుకంటే ప్రవాహం హద్దులోనే ఉన్నది. దీనిని పట్టుకోగలిగేది ఒక మనిషే: రంగు మారిన లగ్గును చూసేవాడు, ఇన్సులేషన్ కమురు వాసనను గుర్తించేవాడు, నిన్నటి రీడింగును నేటి రీడింగుతో పోల్చేవాడు. ఇటువంటి చూపు పుస్తకాల వల్ల మాత్రమే రాదు. కేవలం చేతి అలవాటు వల్లా రాదు. సిద్ధాంతమూ ఆచరణా ఒకే మనిషిలో కలిసినప్పుడు వస్తుంది. ఆ కలయికను గురించి మనం చాలా వ్యాసాలు వ్రాసుకున్నాం. దానికి సజీవమైన నమూనా ప్రతి కర్మాగారంలోని సబ్‌స్టేషన్ గదిలో నీలం చొక్కా తొడుక్కొని కూర్చున్నది, మనం గుర్తించలేదంతే.

3

విద్యుత్తుకు ఒక విచిత్రమైన గుణం ఉన్నది. నిప్పు కనబడుతుంది, నీరు కనబడుతుంది, కత్తి పదును కనబడుతుంది. కరెంటు ఉన్న తీగా, లేని తీగా చూపుకు ఒక్కటే. అందుచేత ఈ పనిలో ఒక మనిషి ప్రాణం మరొక మనిషి మాట మీద నిలుస్తుంది. విద్యుత్ శాఖలో “లైన్ క్లియర్” అని ఒక పద్ధతి ఉన్నది, పనివాళ్ళు క్లుప్తంగా “ఎల్.సి. తీసుకోవటం” అంటారు. కర్మాగారాలలో పని అనుమతి పత్రం అన్నా సారాంశం ఇదే. సరఫరా విడదీయాలి. విడదీసిన స్విచ్చికి తాళం వేసి, “మనుషులు పనిచేస్తున్నారు” అనే పలక తగిలించాలి. తీగలో కరెంటు లేదని పరీక్షించాలి. ఆ పరీక్షించే సాధనం పనిచేస్తున్నదా లేదా అని, కరెంటు ఉన్న చోట ముందొకసారీ, తరువాతొకసారీ చూసుకోవాలి. పిమ్మట తీగను భూమికి కలపాలి. అప్పుడు మాత్రమే అనుమతి పత్రం మీద చేవ్రాలు చేసి, “ఇక చెయ్యి పెట్టవచ్చు” అనాలి. పని ముగిసినప్పుడు అదంతా వెనుక నుంచి ముందుకు జరగాలి. చివరి మనిషి దిగివచ్చాడని లెక్క చూసుకున్న తరువాతనే సరఫరా.

“ఇక చెయ్యి పెట్టవచ్చు” అనే ఈ వాక్యం ఎంత బరువైనదో ఆలోచించండి. హెల్పరు ఆ మాటను పరీక్షించలేడు. దానిని నమ్మి రాగి మీద చెయ్యి వేస్తాడు. ఋషివాక్యాన్ని నమ్మినవాడికి మోసం జరిగిందో లేదో వచ్చే జన్మలో గాని తేలదు. ఇక్కడ క్షణంలో తేలుతుంది. కాబట్టి ఈ నమ్మకం భక్తి కాదు. ఎదుటివాడు నిజంగా వెళ్ళి చూశాడు, కొలిచాడు, తాళం చెవి తన జేబులో వేసుకున్నాడు అనే వాస్తవం మీద నిలిచిన నమ్మకం.

తెలుగులో సంతకానికి “చేవ్రాలు” అనే మాట ఉన్నది. చేతి వ్రాలు, అనగా చేతితో వ్రాసినది. పాత దస్తావేజులు చూసినవారికి ఈ మాట పరిచితమే. ఈ మాటలో ఒక నీతి దాగి ఉన్నదని నాకనిపిస్తుంది. ఏ చెయ్యి ఆ పని చేసిందో, ఏ కన్ను దానిని చూసిందో, ఆ చెయ్యే వ్రాయాలి. అప్పుడే అది చేవ్రాలు. చూడనివాడు వ్రాస్తే అది ఉత్త గీత. అలాగే “పూచీ” అనే మాట. అప్పుకు పూచీ పడటమంటే, వాడు తీర్చకపోతే నేను తీరుస్తానని తన్ను తాను ఒడ్డటం. పూచీ పడేవాడికి అప్పు తీసుకునేవాణ్ణి ప్రశ్నించే హక్కు ఉండాలి. హక్కు లేని పూచీ వెట్టిచాకిరీకి మరొక పేరు.

మన ప్రశ్న ఇక్కడ స్పష్టమవుతున్నది. సమాజం పెద్ద ఎలక్ట్రీషియన్ చేత చేవ్రాలు చేయించుకుంటున్నది. అతనికి “ఆపండి” అనే అధికారం ఇచ్చిందా?

4

ఒక నిజమైన ఉదంతాన్ని తీసుకుందాం. ఢిల్లీలో గ్రీన్ పార్కు ప్రాంతంలో ఉపహార్ అనే సినిమా హాలు ఉండేది. దాని క్రింది అంతస్తులో, కార్లు నిలిపే చోటికి ఆనుకొని, రెండు ట్రాన్స్‌ఫార్మర్లు ఉండేవి. ఒకటి హాలుది, రెండవది ఢిల్లీ విద్యుత్ బోర్డుది. 1997 జూన్ 13 ఉదయం బోర్డు ట్రాన్స్‌ఫార్మరులో మంటలు లేచాయి. బోర్డు సిబ్బంది వచ్చి మరమ్మతు చేశారు. కేబులు చివర లగ్గును క్రింపింగ్ యంత్రంతో నొక్కి బిగించవలసి ఉండగా, సుత్తి దెబ్బలతో బిగించారని తరువాత విచారణలో తేలింది. మధ్యాహ్నానికి ముందే సరఫరా తిరిగి ఇచ్చారు. సాయంత్రం సినిమా నడుస్తుండగా ఆ అతుకు వదులై నిప్పురవ్వలు లేచాయి, ట్రాన్స్‌ఫార్మరు నూనె కారి అంటుకున్నది, కార్లు తగలబడ్డాయి, పొగ మెట్ల దారిన బాల్కనీలోకి ఎగబాకింది. బాల్కనీలో అదనపు కుర్చీలు వేసుకోవటానికి ఒక దారిని మూసివేశారు. 59 మంది చనిపోయారు, ఎక్కువమంది ఊపిరాడక.

2007లో విచారణ కోర్టు హాలు యజమానులకు 2 సంవత్సరాలు, బోర్డు ఉద్యోగులకు, హాలు గేటు కాపలాదారుకు 7 సంవత్సరాలు శిక్ష వేసింది. బోర్డు ఉద్యోగులలో ఒక సీనియర్ ఫిట్టరు కూడా ఉన్నాడు. 2008లో హైకోర్టు శిక్షలు తగ్గించింది. 2015లో సుప్రీంకోర్టు, యజమానులు చెరి 30 కోట్ల రూపాయలు చెల్లిస్తే మిగిలిన జైలుశిక్ష అనుభవించనక్కరలేదన్నది. 2017లో దానిని పునఃపరిశీలించి, ఇద్దరిలో ఒకరిని మాత్రం మిగిలిన శిక్ష పూర్తి చేయమన్నది.

న్యాయస్థానాల తర్కాన్ని ఇక్కడ విమర్శించబోవటం లేదు. అది న్యాయశాస్త్రం తెలిసినవారి పని. నైతిక ప్రశ్న మాత్రం మనది. ఆ ఫిట్టరు చేతిలోని సుత్తి వెనుక ఎవరెవరు ఉన్నారు? కార్లు నిలిపే చోట ట్రాన్స్‌ఫార్మరు పెట్టించిన వారున్నారు. దానికి రక్షణ రిలేలు అమర్చని వారున్నారు. దారి మూసి కుర్చీలు వేసి టిక్కెట్లు అమ్ముకున్న వారున్నారు. వీటినన్నిటినీ చూసి అనుమతి పత్రాలు ఇచ్చిన వారున్నారు. “తిలా పాపం తలా పిడికెడు” అంటారు. పాపం అందరికీ పంచితే ఎవరి పిడికిట్లోనూ ఏమీ కనబడదు. కాని సుత్తి మాత్రం అందరికీ కనబడుతుంది.

5

ఈ సందర్భంలో రెండు వాదాలు వినబడతాయి. రెండూ తప్పేనని నా అభిప్రాయం.

మొదటిది నీతివాది వాదం. “పని తెలిసినవాడు తప్పని తెలిసి చేయకూడదు. ఉద్యోగం పోయినా సరే, చేయనని అనాలి. అంతరాత్మ చెప్పినట్లు నడవటమే నీతి” అంటాడితడు. వినటానికి ఇది గంభీరంగా ఉంటుంది. కాని, కాంట్ నీతిశాస్త్రంతో ముడిపడిన ఒక సూత్రాన్ని ఇతడే మరచిపోతున్నాడు: చేయగలిగినది మాత్రమే చేయవలసినది కాగలదు. మూడు నెలల కాంట్రాక్టు మీద, ఇంట్లో నలుగురి పొట్టలు మోస్తూ పనిచేసేవాడు “చేయను” అంటే, మరునాడు అతని స్థానంలో మరొకడు వస్తాడు. ఆ పని ఎట్లాగూ జరుగుతుంది. నిరాకరించినవాడికి ఆకలి, పని చేసినవాడికి జైలు, చేయించినవాడికి లాభం. ఈ ఏర్పాటును యథాతథంగా ఉంచి, ఒక్క మనిషి వీరుడు కావాలని కోరే నీతి యజమానికి చాలా అనుకూలమైన నీతి. అతనికి దమ్మిడీ ఖర్చు లేదు.

రెండవది మనవాళ్ళ వాదం. కాబట్టి దీనిని మరింత నిర్మొహమాటంగా పరిశీలించాలి. “తప్పు వ్యవస్థది. శ్రామికుడు వ్యవస్థ చేతిలో పనిముట్టు. పనిముట్టుకు పాపపుణ్యాలేమిటి?” అని మనలో కొందరు అంటారు. శ్రామికుని మీద ప్రేమతోనే అంటారు. కాని ఈ ప్రేమలో ఒక అవమానం ఉన్నది. సుత్తి పనిముట్టు, సుత్తి పట్టుకున్నవాడు కాడు. ఏ అతుకు నిలుస్తుందో, ఏది నిలవదో అతనికి తెలుసు. ఆ తెలియటమే అతని విలువ. అందుకే అతనికి యోగ్యతాపత్రం ఇచ్చారు. అందుకే అతని కూలి హెల్పరు కూలికంటె ఎక్కువ. అతనికి బాధ్యత లేదనటమంటే అతనికి జ్ఞానం లేదనటమే. యజమాని అతణ్ణి “చేతులు” అని లెక్కపెడతాడు. మనమూ అదే లెక్క పెడితే మనకూ యజమానికీ తేడా ఏమిటి? అదీగాక, అతని పొరపాటుకు బలి అయ్యేది తరచు అతనికంటె క్రిందివాడైన హెల్పరే. పెద్ద ఎలక్ట్రీషియన్‌ను బాధ్యత నుండి విముక్తుణ్ణి చేసే మన దయ ఆ హెల్పరు ప్రాణం ఖరీదు మీద చూపే దయ.

మన దేశపు పాత నీతిలో మూడవ దారి ఒకటి ఉన్నట్లు కొందరికి అనిపించవచ్చు: నీ పని నీవు చెయ్యి, ఫలితం సంగతి విడిచిపెట్టు. ఎలక్ట్రీషియన్ ఈ నీతి పాటిస్తే ఊరు తగలబడుతుంది. స్విచ్చి వేయటానికి ముందే ఫలితాన్ని ఊహించటం, వేసిన తరువాత దగ్గర నిలబడి ఫలితాన్ని కొలవటం, ఇదే అతని ధర్మం. ఆధునిక ఉత్పత్తి విధానం ఫలాపేక్ష లేని కర్మను గాక, ఫలితాన్ని కళ్ళు తెరిచి చూసే కర్మను కోరుతున్నది. ఆ కొత్త నీతి పీఠాధిపతుల దగ్గర కాక, ఇటువంటి పనివాళ్ళ దగ్గర పుట్టింది.

కాబట్టి నేను చెప్పదలచినది ఇది. జ్ఞానం బాధ్యతను తెస్తుంది. అందులో నీతివాది చెప్పినది నిజం. కాని ఆపే అధికారం లేనిచోట బాధ్యత పూర్తి కాదు. అందులో రెండవ వాదం చూసినది నిజం. ఈ రెంటినీ కలిపి చూస్తే ఒక్కటే ముగింపు: ఎవరి జ్ఞానం మీద పదిమంది ప్రాణాలు నిలుస్తాయో వారికి పని ఆపే హక్కు ఉండాలి, ఆ హక్కును వాడుకున్నందుకు వారి కూడు పోకూడదు. ఆ హక్కు లేకుండా పుచ్చుకున్న చేవ్రాలు యజమాని తనకోసం ముందుగా సిద్ధం చేసుకున్న సాక్ష్యం మాత్రమే.

6

ఈ హక్కు గాలిలో మేడ కాదు. 1981లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఆమోదించిన 155వ ఒడంబడిక ఇటువంటి మాటే చెప్పింది. ప్రాణానికి గాని ఆరోగ్యానికి గాని తక్షణమైన, తీవ్రమైన ప్రమాదం ఉన్నదని న్యాయమైన కారణంతో నమ్మి పని నుండి తప్పుకున్న కార్మికునికి దానివల్ల అనుచితమైన కష్టం రాకుండా రక్షణ ఉండాలన్నది. 2022లో దానిని మౌలిక ఒడంబడికలలో ఒకటిగా గుర్తించారు. మన దేశంలో 1984 భోపాల్ మారణకాండ తరువాత, 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకరమైన ప్రక్రియలు నడిచే కర్మాగారాలలో తక్షణ ప్రమాదాన్ని యాజమాన్యం దృష్టికి తెచ్చే హక్కును కార్మికులకు ఇచ్చారు. ఆ చట్టం స్థానంలోకి 2020 నాటి వృత్తి భద్రతా కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది.

1987 సవరణలోని మాటను జాగ్రత్తగా చదవాలి. “దృష్టికి తెచ్చే హక్కు” అన్నారు. దృష్టికి తేవటం వేరు, ఆపటం వేరు. మంటపం మేనేజరు దృష్టికి మా ఎలక్ట్రీషియన్ తెచ్చాడు. మేనేజరు దృష్టి అద్దె మీద ఉన్నది. నా దృష్టికి తెచ్చాడు. నా దృష్టి గోష్ఠి మీద ఉన్నది. ప్రమాదాన్ని చూడగలిగిన కన్ను ఒకరిది, స్విచ్చి మీద అధికారం మరొకరిది అయినంతకాలం ఇటువంటి ప్రమాదాలు జరుగుతూనే ఉంటాయి.

ఈ లోగా పెట్టుబడి చేవ్రాలును చేతి నుండి విడదీసే మార్గాలు కనిపెట్టింది. యోగ్యతాపత్రం ఉన్న ఒకడి పేరు కాగితాలలో ఉంటుంది. అతడు ఆ భవనంలో అడుగుపెట్టి ఉండడు. పత్రం అద్దెకిచ్చి నెలకింత పుచ్చుకోవటం ఈ వృత్తిలో ఉన్నవారెవరికీ కొత్త సంగతి కాదు. ప్యానెల్‌లో చేతులు పెట్టేది మాత్రం పత్రం లేని కాంట్రాక్టు కుర్రవాడు. “సొమ్మొకడిది, సోకొకడిది” అని సామెత. ఇక్కడ చేవ్రాలొకడిది, చావొకడిది. పత్రం అద్దెకిచ్చినవాడు కూడా శ్రామికుడే కదా అని మనం మొగమాటపడకూడదు. తన జ్ఞానాన్ని అమ్ముకోవటం ఒకటి. అది అందరికీ తప్పని స్థితి. తన జ్ఞానం అక్కడ లేదని తెలిసి, ఉన్నదని వ్రాసివ్వటం వేరొకటి. దానిని సమర్థించే సిద్ధాంతం మన దగ్గర లేదు, ఉండకూడదు.

కార్మిక సంఘాల విషయం కూడా చెప్పాలి. కూలి రేట్ల కోసం, పర్మనెంటు ఉద్యోగాల కోసం పోరాడిన సంఘాల త్యాగాన్ని తక్కువ చేయటం లేదు. కాని ప్రమాదం ఉన్నచోట మనం తరచు ప్రమాద భత్యం అడిగాం. ప్రమాదాన్ని ఆపే అధికారం అంత గట్టిగా అడగలేదు. భత్యం పుచ్చుకున్నామంటే ప్రమాదానికి ధర ఒప్పుకున్నామన్నమాట. ధర ఒప్పుకున్న సరుకును తరువాత కాదనటం కష్టం. ఒంటరిగా “చేయను” అన్నవాణ్ణి వెళ్ళగొట్టవచ్చు. సంఘంలో ఉన్న పర్యవేక్షకులూ వైర్‌మన్లూ హెల్పర్లూ కలిసి, “ఈ చేవ్రాలు లేనిదే ఈ స్విచ్చి పడదు” అంటే వెళ్ళగొట్టటం అంత సులభం కాదు. నీతివాది అంతరాత్మలో వెతికిన శక్తి నిజానికి అక్కడ ఉన్నది. వ్యక్తి నీతి నిలవాలంటే సమష్టి దన్ను కావాలి. సమష్టి దన్ను అబద్ధానికి గొడుగు కాకుండా ఉండాలంటే వ్యక్తి నీతి కావాలి. ఒకటి లేకుండా రెండవది నడవదు.

7

2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో అగ్నిప్రమాదం జరిగి 9 మంది మరణించారు. వారిలో ఇంజనీర్లున్నారు, బ్యాటరీ పనికి వచ్చిన బయటి సంస్థ ఉద్యోగులిద్దరున్నారు. అటువంటివారు పోయినప్పుడు మనం వారి త్యాగాన్ని కీర్తిస్తాం. కీర్తించటం తప్పు కాదు. కాని నాకొక అనుమానం మిగులుతుంది. పని తెలిసినవాడు చనిపోతే అతణ్ణి వీరుడనటానికి మన సమాజం క్షణం ఆలోచించదు. బ్రతికి ఉన్నప్పుడు అతడు “ఆపండి” అంటే వినటానికి మాత్రం దానికి తీరిక ఉండదు. త్యాగాన్ని మెచ్చుకోవటం చవక. అధికారం పంచుకోవటం ఖరీదు. మనం కవులం, అధ్యాపకులం, ఎప్పుడూ చవకైన దానివైపే మొగ్గాం.

తిరిగి కల్యాణమంటపం దగ్గరకు వస్తాను. ఆ రాత్రి గెలిచింది ఎలక్ట్రీషియన్ అని అనుకోవటానికి వీలుంది. కాని అతడు గెలిచింది తన హక్కు వల్ల కాదు. నా పిరికితనం వల్ల. నాకంటె మొండివాడో, నాకంటె తెలివితక్కువవాడో అయితే ఆ కాగితం వ్రాసిచ్చి ఉండేవాడు. అప్పుడు ఆయన మాట ప్రకారం లాగించేయవలసిందే. కాగితం ఉన్నంతమాత్రాన లగ్గు చల్లబడదు. “మీ సంతకం ఉంటే చేస్తాను” అనటం అతనికి మిగిలిన ఆఖరి ఆయుధం. అది పనిచేస్తే అదృష్టం; పనిచేయకపోతే అతడు కోర్టులో బయటపడతాడేమో గాని, లోపల కూర్చున్న మూడు వందల మంది బయటపడరు. ఒక నాగరిక సమాజం ఇంతమంది ప్రాణాలను ఒక అధ్యాపకుని జంకు మీద వదిలిపెట్టకూడదు.

ఈ వ్యాసం చదివే విద్యార్థులూ ఉపాధ్యాయులూ కర్మాగారాలకు యజమానులు కారు. కాని ఏదో ఒకనాడు వార్షికోత్సవానికి, సభకు, పెళ్ళికి, ఒక ప్యానెల్ ముందు నిలబడి “ఈ ఒక్క రాత్రికి” అని అడిగేది మనమే. యజమాని లాభం కోసం అడిగినదాన్ని మనం సౌకర్యం కోసం అడుగుతాం. తీగకు ఆ తేడా తెలియదు. ఆ మాట నోటికి వచ్చినప్పుడు, దీనిని నేను నా చేతితో వ్రాసి క్రింద చేవ్రాలు చేయగలనా అని ప్రశ్నించుకోవటం మన చేతిలో ఉన్న పని. చేయలేనిదాన్ని అడగకూడదు. అంతటితో ఊరుకోనూ కూడదు. మన కళాశాలలో, మన హాస్టలులో, మన ఊరి సినిమా హాలులో “ఆపండి” అన్న పనివాడి ఉద్యోగం మరునాడు కూడా ఉన్నదో లేదో కనుక్కోవాలి. లేకపోతే అతని ప్రక్కన నిలబడటానికి వెళ్ళాలి. రచయిత బాధ్యతను గురించిన మన చర్చ ఆ తరువాత కొనసాగించుకోవచ్చు.